ఫీజు లేదు.. సీటు లాటరీలో! అమెరికాలో చార్టర్ స్కూల్ అంటే ఏమిటి? పిల్లల్ని చేర్చే ముందు ఏం చూడాలి?

అమెరికాలో ఉద్యోగం మారి కొత్త ఊరికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఇంటికంటే ముందు స్కూలు వెతుకుతాయి. ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు తీసుకోవాలి, ఆ స్కూలుకు పదికి ఎంత రేటింగ్ ఉంది, దాని కోసం అద్దె ఎంత ఎక్కువ కట్టాలి.. వాట్సాప్ గ్రూపుల్లో చర్చంతా ఇదే. మధ్యలో ఎవరో ఒకరు చార్టర్ స్కూల్ మాట ఎత్తుతారు. ఫీజు లేదని, లాటరీలో పేరొస్తే అదృష్టమేనని చెబుతారు.

అనుమానాలు అక్కడి నుంచే మొదలవుతాయి. అది ప్రభుత్వ స్కూలా, ప్రైవేటా? ఫీజు లేకుండా ఎలా నడుస్తుంది? హెచ్4 వీసాపై ఉన్న పిల్లలకు సీటిస్తారా? చేర్చాక నచ్చకపోతే పరిస్థితేంటి? ఇండియాలో ఉన్న తాతయ్య, నానమ్మలకైతే ఆ పేరే కొత్త.

ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. 'చార్టర్' అంటే మంచి స్కూలు అని ఇచ్చే ముద్ర కాదు. అది ఒక ఒప్పందం పేరు. ఆ ఒప్పందంతో నడిచే స్కూళ్లలో దేశంలోనే పేరున్నవీ ఉన్నాయి, ఏడాది మధ్యలో తాళం పడ్డవీ ఉన్నాయి. అందుకే 'చార్టర్ మంచిదా, మామూలు స్కూలు మంచిదా' అన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. మీరు చూస్తున్న ఆ ఒక్క స్కూలు గురించి అడిగితేనే దొరుకుతుంది.

అక్కడ 'పబ్లిక్' అంటే ప్రభుత్వానిదే

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బోర్డు మీద 'పబ్లిక్ స్కూల్' అని కనిపిస్తే అది చాలావరకు ప్రైవేటు బడే. అమెరికాలో అలా కాదు. పబ్లిక్ స్కూల్ అంటే ప్రజల పన్నులతో నడిచే, ఫీజు లేని ప్రభుత్వ బడి. మీ ఇంటి చిరునామాను బట్టి ఏ స్కూలో ముందే నిర్ణయమై ఉంటుంది. దీన్నే జోన్ స్కూల్ అంటారు. దాన్ని స్థానికంగా ఎన్నికైన బోర్డు ఉండే స్కూల్ డిస్ట్రిక్ట్ నడుపుతుంది.

చార్టర్ కూడా పబ్లిక్ స్కూలే. ఫీజు ఉండదు, డబ్బు ప్రభుత్వానిదే. నడిపేది మాత్రం సాధారణంగా డిస్ట్రిక్ట్ కాదు. టీచర్లు, తల్లిదండ్రులు, స్వచ్ఛంద సంస్థలు ఇలా ఎవరైనా ఒక బోర్డుగా ఏర్పడి, 'మేం ఇలా బోధిస్తాం, ఇన్నేళ్లలో ఈ ఫలితాలు చూపిస్తాం' అని అనుమతి ఇచ్చే సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటారు. ఆ ఒప్పందమే చార్టర్. అనుమతి ఇచ్చే సంస్థను 'ఆథరైజర్' అంటారు. రాష్ట్రాన్ని బట్టి అది స్కూల్ డిస్ట్రిక్ట్ కావచ్చు, రాష్ట్ర విద్యా శాఖ కావచ్చు, యూనివర్సిటీ కావచ్చు, చార్టర్ల కోసమే పెట్టిన ప్రత్యేక బోర్డూ కావచ్చు.

మనవాళ్లకు ఎయిడెడ్ స్కూళ్లు గుర్తుకురావచ్చు. యాజమాన్యం ప్రైవేటుది, జీతాలు ప్రభుత్వానివి. అయితే పోలిక అక్కడి వరకే. ఎయిడెడ్ స్కూలుకు మంజూరైన పోస్టులను బట్టి జీతాలు వస్తాయి. చార్టర్‌కు విద్యార్థుల సంఖ్యను బట్టి సొమ్ము వస్తుంది. పిల్లలు తగ్గితే ఆదాయమూ తగ్గుతుంది. పైగా గడువు తీరాక ఫలితాలు చూపించి ఒప్పందాన్ని పొడిగించుకోవాలి. చాలా రాష్ట్రాల్లో ఈ గడువు 5 ఏళ్ల చొప్పున ఉంటుంది. అరిజోనాలో మొదటి ఒప్పందమే 15 ఏళ్లకు ఇస్తారు.

ఎప్పుడు మొదలైంది?

దేశంలో తొలి చార్టర్ చట్టం చేసింది మిన్నెసోటా, 1991లో. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ పేరుతో మొదటి చార్టర్ స్కూలు తెరిచారు. 1992లోనే కాలిఫోర్నియా కూడా చట్టం తెచ్చింది. ఆ దశాబ్దంలోనే టెక్సాస్, న్యూజెర్సీ, అరిజోనా, నార్త్ కరోలినా వంటి తెలుగువారు ఎక్కువగా ఉండే రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

2010లో చార్టర్లలో చదివే పిల్లలు సుమారు 18 లక్షలు. 2021 నాటికి ఆ సంఖ్య 37 లక్షలకు చేరింది. అంటే పబ్లిక్ స్కూళ్లలో చదివే ప్రతి వందమందిలో ఏడుగురు చార్టర్లలోనే ఉన్నారు. స్కూళ్ల సంఖ్య దాదాపు 7,800. రాజధాని వాషింగ్టన్ డీసీలో పబ్లిక్ విద్యార్థుల్లో దాదాపు సగం మంది చార్టర్లలోనే చదువుతున్నారు. 2005లో కత్రీనా తుపాను తర్వాత న్యూ ఓర్లీన్స్ నగరంలో పబ్లిక్ స్కూళ్లు దాదాపు పూర్తిగా చార్టర్లుగా మారాయి.

ఏ నిబంధనలు వర్తిస్తాయి? వేటికి మినహాయింపు?

చార్టర్‌కు స్వేచ్ఛ ఎక్కువ. స్కూలు వేళలు, సిలబస్, బోధన పద్ధతి, టీచర్ల నియామకం వంటి వాటిలో డిస్ట్రిక్ట్ నిబంధనల నుంచి చాలా మినహాయింపులు ఉంటాయి. ఒకటి సైన్స్, గణితం మీద దృష్టి పెడితే, మరొకటి కళల మీద పెడుతుంది. ఇంకొకటి సగం పాఠాలు స్పానిష్‌లోనో, చైనీస్‌లోనో చెబుతుంది. 1994లో హ్యూస్టన్‌లో ఇద్దరు యువ టీచర్లు మొదలుపెట్టిన కిప్, 1998లో అరిజోనాలోని టూసాన్‌లో మొదలైన బేసిస్ ఈ రోజు పెద్ద చార్టర్ నెట్‌వర్క్‌లు. రెండూ చార్టర్లే అయినా పేద కుటుంబాల పిల్లలను కాలేజీ దాకా చేర్చాలన్నది కిప్ మొదలుపెట్టిన లక్ష్యం. కఠినమైన సిలబస్‌కు, ఏపీ కోర్సులకు పేరుపడింది బేసిస్.

కొన్ని విషయాల్లో మాత్రం ఏ చార్టర్‌కూ మినహాయింపు లేదు. రాష్ట్రం పెట్టే పరీక్షలు రాయించాలి, ఫలితాలు బయటపెట్టాలి. జాతి, మతం, పుట్టిన దేశం, వైకల్యం ఆధారంగా వివక్ష చూపకూడదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఫెడరల్ చట్టం ప్రకారం సేవలు అందించాలి. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు సాయం చేయాలి. మత బోధన చేయకూడదు. ఓక్లహోమాలో ఒక క్యాథలిక్ సంస్థ చార్టర్ ప్రారంభించబోగా ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అడ్డుకుంది. 2025 మేలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 4-4గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది.

టీచర్ల అర్హతలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. న్యూజెర్సీలో చార్టర్ టీచర్లకూ సర్టిఫికేషన్ ఉండాలి. టెక్సాస్‌లో డిగ్రీ తప్పనిసరి గానీ చాలా సబ్జెక్టులకు సర్టిఫికేషన్ అక్కర్లేదు. అరిజోనాలోనూ సర్టిఫికేషన్ నిబంధన లేదు.

నడిపే సంస్థ ఎవరిదన్నదీ చూడాలి. ఎక్కువ చార్టర్లను లాభాపేక్ష లేని సంస్థలే నడుపుతాయి. కొన్ని రాష్ట్రాల్లో లాభాల కోసం పనిచేసే కంపెనీలకూ నిర్వహణ అప్పగించవచ్చు. కాలిఫోర్నియా 2019 నుంచి దీన్ని నిషేధించింది.

వీటితో కలిపి గందరగోళపడొద్దు

మాగ్నెట్ స్కూల్: దీన్ని డిస్ట్రిక్టే నడుపుతుంది. ప్రత్యేక సబ్జెక్టుల కోసం పెట్టినది. కొన్నింటికి ప్రవేశ పరీక్షో, మార్కుల అర్హతో ఉంటుంది.

వోచర్ లేదా ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంట్: ప్రైవేటు స్కూలు ఫీజుకు రాష్ట్రం ఇచ్చే సొమ్ము. చార్టర్‌కు దీనితో సంబంధం లేదు.

ప్రైవేటు స్కూల్: ఫీజు ఉంటుంది, తనకు నచ్చినవారినే చేర్చుకోవచ్చు. చార్టర్‌కు ఆ వీలు లేదు.

సీటు ఎలా వస్తుంది?

చార్టర్‌కు దరఖాస్తు చేయాల్సిందే, జోన్ స్కూలులా చిరునామా చూసి సీటు ఇవ్వరు. సీట్ల కంటే దరఖాస్తులు తక్కువ వస్తే అందరినీ చేర్చుకుంటారు. ఎక్కువ వస్తే లాటరీ తీస్తారు. మన కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి డ్రా తీసినట్టే. మిగిలినవారి పేర్లు వెయిటింగ్ లిస్ట్‌లోకి వెళ్తాయి. అన్న లేదా అక్క అదే స్కూల్లో చదువుతుంటే తమ్ముడికి, చెల్లికి చాలా చోట్ల ప్రాధాన్యం ఉంటుంది. స్థానిక డిస్ట్రిక్ట్‌లో ఉండేవారికి ముందు అవకాశమిచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా అలాంటివే.

చేరాక ఏ స్థాయి గణితంలో కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష పెట్టవచ్చు. ఆ మార్కులు సీటుకు సంబంధించినవి కావు. సీటు కోసం డొనేషన్ కట్టాల్సిన పనీ లేదు. కొన్ని స్కూళ్లు ఏటా విరాళాలు అడుగుతాయి. అవి స్వచ్ఛందం, ఇవ్వకపోతే సీటు పోదు. 'లాటరీలో పేరు తెప్పిస్తాం' అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

అసలు సమస్య గడువు. ఆగస్టులో స్కూలు తెరుస్తారంటే దరఖాస్తుల హడావిడి చాలా చోట్ల అంతకు ముందు శీతాకాలంలోనే ఉంటుంది. న్యూయార్క్ నగరంలో ఎక్కువ చార్టర్లకు ఏప్రిల్ 1 చివరి తేదీ. వాషింగ్టన్ డీసీలో చార్టర్లు, మామూలు స్కూళ్లు రెండింటికీ కలిపి ఒకే లాటరీ. జూన్‌లో అమెరికా చేరే కుటుంబానికి చాలా సార్లు మిగిలేది వెయిటింగ్ లిస్టే. అయినా పేరు రాయించండి. వేసవిలో కుటుంబాలు ఊళ్లు మారుతుంటాయి కాబట్టి సీట్లు ఖాళీ అవుతుంటాయి.

కిండర్‌గార్టెన్‌కు వయసు నిబంధన కూడా ముందే చూసుకోవాలి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండాలి. ఇతర రాష్ట్రాల్లో ఈ తేదీ వేరుగా ఉండొచ్చు.

మన వీసాలకు వర్తిస్తుందా?

హెచ్4, ఎల్2, ఎఫ్2 వంటి డిపెండెంట్ వీసాలపై ఉన్న పిల్లలు చార్టర్‌తో సహా ఏ పబ్లిక్ స్కూల్లోనైనా ఉచితంగా చదవొచ్చు. వలస స్థితి కారణంగా పిల్లలకు పబ్లిక్ స్కూలు చదువును నిరాకరించకూడదని 1982లో ప్లయ్లర్ వర్సెస్ డో కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదన్న కారణంతో చేర్చుకోకపోవడం కూడా కుదరదు.

ఒక్క మినహాయింపు ఉంది. పిల్లలే సొంతంగా ఎఫ్1 విద్యార్థి వీసాపై వస్తే 8వ తరగతి వరకు పబ్లిక్ స్కూల్లో చేరడానికి వీల్లేదు. హైస్కూల్లో గరిష్ఠంగా 12 నెలలు చదవొచ్చు, దానికీ పూర్తి ఖర్చు కట్టాలి. బాబాయ్ ఇంట్లో ఉంచి అక్కడి ప్రభుత్వ బడిలో చదివిద్దామనుకునే తల్లిదండ్రులు ఈ నిబంధన తెలుసుకోవాలి.

చేర్చేటప్పుడు సాధారణంగా అడిగేవి: అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు వంటి చిరునామా రుజువు, పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పాస్‌పోర్టు, టీకాల రికార్డు, పాత స్కూలు మార్కుల పత్రాలు. ఇండియాలో వేయించిన టీకాల కార్డును జాగ్రత్తగా పట్టుకెళ్లండి. అది లేక మళ్లీ టీకాలు వేయించుకోవాల్సి వచ్చిన కుటుంబాలున్నాయి.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లలకు ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెడతారు. ఇది చూసి కొందరు భయపడి ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఆ అవసరం లేదు. పరీక్షలో బాగా రాస్తే మామూలుగానే కొనసాగిస్తారు. రాయలేకపోతే అదనపు సాయం అందుతుంది. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు ఆ సాయం చాలా విలువైనది.

చదువు నిజంగా మెరుగ్గా ఉంటుందా?

స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీకి చెందిన క్రెడో పరిశోధన కేంద్రం 2023లో విడుదల చేసిన నివేదిక చార్టర్ విద్యార్థులను, అలాంటి నేపథ్యమే ఉన్న సాధారణ పబ్లిక్ స్కూలు విద్యార్థులతో పోల్చింది. ఏడాదిలో చార్టర్ పిల్లల పురోగతి సగటున చదవడంలో 16 రోజుల పాఠాలతో సమానంగా, గణితంలో 6 రోజుల పాఠాలతో సమానంగా ఎక్కువగా ఉందని తేల్చింది. తేడా ఉంది, కానీ చిన్నది.

అదే నివేదికలో ఆన్‌లైన్ చార్టర్ల పరిస్థితి పూర్తిగా వేరు. వాటి విద్యార్థులు చదవడంలో 58 రోజులు, గణితంలో 124 రోజులు వెనుకబడ్డారు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చదివించే చార్టర్‌ను ఎంచుకునేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

సగటు లెక్క మీ పిల్లల స్కూలు గురించి ఏమీ చెప్పదు. అందుకు రాష్ట్రం ఇచ్చే రిపోర్ట్ కార్డ్ చూడాలి. 2015లో వచ్చిన ఫెడరల్ విద్యా చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రం చార్టర్లతో సహా అన్ని పబ్లిక్ స్కూళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. టెక్సాస్, అరిజోనాల్లో ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు ఇస్తారు. ఇళ్ల వెబ్‌సైట్లలో కనిపించే రేటింగ్ కంటే ఇది నమ్మదగినది. అందులో ఎంతమంది పాసయ్యారన్నదే కాకుండా, ఏడాదిలో పిల్లలు ఎంత మెరుగయ్యారన్నదీ చూడండి.

ఇంకో లెక్క కూడా ముఖ్యం. 6వ తరగతిలో 100 మంది ఉండి 12వ తరగతికి 30 మందే మిగిలితే, ఆ స్కూలు పెద్ద ర్యాంకు ఆ 30 మందిది. మిగతా 70 మంది ఎందుకు వెళ్లారో అడగాలి.

ఒప్పందం రద్దయితే?

చార్టర్లకు ఉండే అతిపెద్ద ప్రమాదం ఇదే. ఫలితాలు రాకపోయినా, లెక్కలు తేడా వచ్చినా, డబ్బు చాలకపోయినా స్కూలు మూతపడొచ్చు. ఒహాయోలో ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అనే భారీ ఆన్‌లైన్ చార్టర్ 2018 జనవరిలో, అంటే విద్యా సంవత్సరం మధ్యలో మూతపడింది. దాదాపు 12,000 మంది పిల్లలు ఉన్నపళంగా వేరే స్కూళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్లలు లాగిన్ అయి చదివినట్టు చూపలేకపోయిన కాలానికి తీసుకున్న కోట్ల డాలర్లు తిరిగివ్వాలని రాష్ట్రం ఆదేశించడమే దీనికి దారితీసింది.

అందుకే ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, గత పొడిగింపులో ఏవైనా షరతులు పెట్టారో ఆథరైజర్ వెబ్‌సైట్‌లో చూడండి. స్కూలు బోర్డు సమావేశాలకు చాలా రాష్ట్రాల్లో ఎవరైనా హాజరుకావచ్చు. ఒక్కసారి వెళ్లి కూర్చుంటే డబ్బు పరిస్థితి, పిల్లల సంఖ్య, ప్రిన్సిపల్ మార్పులు అన్నీ చెవిన పడతాయి.

సీటు ఒప్పుకునే ముందు అడగాల్సినవి

* బస్సు ఉందా? న్యూజెర్సీలో పిల్లలు ఉండే డిస్ట్రిక్ట్ తన విద్యార్థులకు వర్తించే నిబంధనల ప్రకారమే చార్టర్ పిల్లలకూ రవాణా చూడాలి. టెక్సాస్, అరిజోనాల్లో చాలా చార్టర్లు బస్సు నడపవు. ఇంటి నుంచి 25 నిమిషాల దూరమైతే ఉదయం, సాయంత్రం కలిపి రోజుకు 100 నిమిషాలు కారులోనే. 180 పనిదినాలకు 300 గంటలు. ఇంట్లో ఒకే కారు ఉంటే ఈ లెక్క ముందే వేసుకోవాలి.
* మధ్యాహ్న భోజనం పెడతారా, ఇంటి నుంచే డబ్బా కట్టాలా?
* స్కూలు తర్వాత పిల్లల్ని ఉంచుకునే సదుపాయం ఉందా? దానికి నెలకు ఎంత?
* ఏ తరగతి వరకు ఉంది? 8వ తరగతితో ఆగిపోతే తర్వాత ఎక్కడ?
* మైదానం, బ్యాండ్, క్రీడా జట్లు, ల్యాబ్‌లు ఉన్నాయా? చిన్న చార్టర్లలో ఇవి తక్కువగా ఉండొచ్చు.
* గత రెండేళ్లలో ఎంతమంది టీచర్లు మారారు?
* పిల్లలకు ఐఈపీ ఉంటే, స్పీచ్ థెరపీ వంటి సేవలు ఇచ్చే సిబ్బంది స్కూల్లోనే ఉన్నారా?
* హోంవర్క్ ఎంత? వెనుకబడిన పిల్లలకు ఏం చేస్తారు? అదే తరగతి మళ్లీ చదివిస్తారా?
* క్రమశిక్షణ నిబంధనలు ఎలా ఉంటాయి? ఏ తప్పుకు సస్పెండ్ చేస్తారు?

సమాధానాలను స్కూలు వాళ్ల దగ్గరే వినొద్దు. అక్కడ చదివి మానేసిన పిల్లల తల్లిదండ్రులు ఒక్కరు దొరికినా వాళ్లతో మాట్లాడండి.

నచ్చకపోతే?

చార్టర్‌లో చేరినంత మాత్రాన జోన్ స్కూలు హక్కు పోదు. ఏడాది మధ్యలో అయినా మీ చిరునామాకు సంబంధించిన డిస్ట్రిక్ట్‌లో చేర్చవచ్చు. ఆ స్కూలు నిండిపోతే అదే డిస్ట్రిక్ట్‌లోని వేరే స్కూలుకు పంపే అవకాశం ఉంది. తిరిగి చార్టర్‌కు రావాలంటే మాత్రం మళ్లీ లాటరీ వరుసలో నిలబడాల్సిందే.

కాబట్టి జోన్ స్కూలును చూడకుండా చార్టర్ సీటుకు ఒప్పుకోవద్దు. చాలా ఊళ్లలో మనవాళ్లు ఎక్కువ అద్దె కట్టి మంచి డిస్ట్రిక్ట్‌లో ఇల్లు తీసుకుని, ఆ తర్వాత పిల్లల్ని దూరంగా ఉన్న చార్టర్‌కు పంపుతుంటారు. అంటే ఆ స్కూలు కోసం కట్టిన అద్దె కడుతూనే, పైగా రోజూ గంటన్నర కారు నడుపుతున్నారన్నమాట. అద్దె తక్కువ ఉన్న చోట ఉండి, జోన్ స్కూలు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు మంచి చార్టర్ సీటు రావడం నిజంగానే ఆ కుటుంబానికి పెద్ద ఊరట. రెండు స్కూళ్లకూ ఒక్కోసారి వెళ్లి, పిల్లల్ని కూడా తీసుకెళ్లి తరగతి గది చూపించండి. చాలా స్కూళ్లు ఫోన్ చేసి అడిగితే సందర్శనకు సమయం ఇస్తాయి.